రంగుల ఛాయాచిత్రం నుంచి నలుపు తెలుపు పుటకు: పాత తెలుగు గ్రంథాల డిజిటల్ ప్రతుల్లో పాఠరక్షణ

వ్యాససంగ్రహం:

గ్రంథాలయాల్లోని పాత పుస్తకాలను, తాళపత్రాలను పరిశోధకులు రంగుల్లో ఫొటో తీసి, ఆ తరువాత సాఫ్ట్‌వేర్ సాయంతో నలుపు తెలుపుల్లోకి మార్చుకొంటున్నారు. పుట శుభ్రంగా కనిపించడం, ఫైలు పరిమాణం తగ్గడం, ముద్రణకు అనుకూలించడం ఇందుకు కారణాలు. అయితే ఈ మార్పిడిలో ఏ రంగును ఎంత నలుపుగా చూపాలన్న నిర్ణయం ఇమిడి ఉంటుంది. ఆ నిర్ణయం సరిగా లేకపోతే అక్షరమే మారిపోయే ప్రమాదం ఉంది. మార్పిడి ప్రక్రియ పనిచేసే తీరును, తెలుగు లిపికి సంబంధించి అందులో పాటించవలసిన జాగ్రత్తలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: డిజిటలీకరణ, వర్ణ ఛానళ్లు, పాఠపరిష్కరణ, అరసున్న, తాళపత్రాలు, గోదావరి డెల్టా.

1. ఉపోద్ఘాతం:

తెలుగు గ్రంథ పరిశోధనకు గోదావరి డెల్టా ఒక ప్రధాన క్షేత్రం. నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకొన్నది రాజమహేంద్రవరంలో. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించిన ప్రాంతమూ ఇదే. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం పాత ముద్రిత గ్రంథాలకు పేరుపొందింది. 1911లో మద్రాసులో జయంతి రామయ్య పంతులు పూనికతో ఏర్పడి, తరువాత కాకినాడకు తరలివచ్చిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తాళపత్ర సేకరణకు ప్రసిద్ధి చెందింది.

ఈ ప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. తేమవల్ల కాగితంపై గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. కలప గుజ్జుతో చేసిన కాగితంలోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు, గాలికి పసుపుబారుతుంది. వీటికి తోడు గ్రంథాలయ ముద్రలు, పూర్వపాఠకులు ఎర్ర పెన్సిలుతో గీసిన గీతలు, వెనుక పుట నుంచి ఊరి కనిపించే సిరా ఉంటాయి. కాబట్టి పాత పుట ఫొటోలో నల్లని అక్షరం, తెల్లని కాగితం మాత్రమే ఉండవు. పలు రంగులు కలగలసి ఉంటాయి. వాటిని నలుపు తెలుపుల్లోకి కుదించేటప్పుడు ఏది నిలవాలి, ఏది తొలగాలి అన్నదే అసలు ప్రశ్న.

2. మార్పిడి జరిగే విధానం:

డిజిటల్ ఫొటోలోని ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు విలువలుంటాయి. సాధారణ చిత్రాల్లో ఒక్కొక్క విలువ 0 నుంచి 255 వరకు ఉంటుంది. ఈ మూడింటినీ ఒకే విలువగా మార్చడమే నలుపు తెలుపు మార్పిడి. విరివిగా వాడే ఒక సూత్రం ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 వంతున ప్రాధాన్యమిస్తుంది. మనిషి కన్ను ఆకుపచ్చ వెలుగును ఎక్కువగాను, నీలాన్ని తక్కువగాను గ్రహించడం ఈ నిష్పత్తికి ఆధారం. మనం చూసే దృశ్యాలకు ఇది చక్కగా సరిపోతుంది. మచ్చ కింది అక్షరాన్ని వెలికితీయడం దీని లక్ష్యం కాదు.

ఉదాహరణకు ఊహించుకొన్న విలువలతో ఒక పుటను పరిశీలిద్దాం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అన్న వరుసలో పసుపుబారిన కాగితం విలువలు 225, 205, 160 అనుకొందాం. గోధుమరంగు మచ్చ 190, 150, 95. ముద్రణ సిరా 60, 50, 45. పై సూత్రం ప్రకారం లెక్కిస్తే కాగితం 206, మచ్చ 156, సిరా 52 అవుతాయి. అంటే మచ్చకూ దానిపై ఉన్న అక్షరానికీ తేడా 104. ఎరుపు ఛానల్‌ను మాత్రమే తీసుకొంటే ఆ తేడా 130కి పెరుగుతుంది. మచ్చ కాగితంలో చాలావరకు కలిసిపోతుంది. నీలం ఛానల్‌లో తేడా 50కి పడిపోయి, మచ్చ నల్లగా పరుచుకొంటుంది. పసుపు, గోధుమ వన్నెల వస్తువులు నీలి వెలుగును పీల్చుకోవడమే దీనికి కారణం.

3. ఒకే ఛానల్ అన్నిటికీ చాలదు:

పై లెక్కను చూసి ఎప్పుడూ ఎరుపు ఛానలే మేలని నిర్ణయించుకోకూడదు. అదే పుటలో 190, 50, 45 విలువలుగల ఎర్ర పెన్సిలు గీత ఉందనుకొందాం. ఎరుపు ఛానల్‌లో దాని విలువ 190, అంటే సరిగ్గా మచ్చ విలువే. మచ్చతోపాటు గీత కూడా వెలిసిపోతుంది. ఆ గీత ఒక పండితుడు సూచించిన పాఠాంతరమో, ముద్రణదోష సవరణో అయివుండవచ్చు. ఆకుపచ్చ ఛానల్‌లో మాత్రం కాగితం 205, గీత 50 కాబట్టి అది స్పష్టంగా నిలుస్తుంది.

ఊదారంగు గ్రంథాలయ ముద్ర విషయం ఇందుకు భిన్నం. దాని విలువలు 110, 80, 150 అనుకొంటే, ఎరుపు ఛానల్‌లో ముద్రకూ దాని కింది అక్షరానికీ తేడా 50 మాత్రమే. నీలం ఛానల్‌లో ముద్ర 150, కాగితం 160 కావడంతో ముద్ర దాదాపు అదృశ్యమవుతుంది. అక్షరం 45 విలువతో నల్లగా తేలుతుంది. ముద్ర కింది పాఠం కావాలంటే నీలం ఛానల్, ముద్రలోని పేరు, తేదీ కావాలంటే ఎరుపు ఛానల్ చూడాలి. అవసరాన్నిబట్టి ఒకే పుటకు రెండు మూడు నలుపు తెలుపు ప్రతులు తయారుచేసుకోవడం ఉత్తమం.

జింప్ సాఫ్ట్‌వేర్‌లో ‘డికంపోజ్’ ఆదేశంతో మూడు ఛానళ్లను విడదీసి చూడవచ్చు. ‘ఛానల్ మిక్సర్’తో వాటిని కావలసిన పాళ్లలో కలపవచ్చు. ఫోటోషాప్‌లో ‘బ్లాక్ అండ్ వైట్’ సవరణ ద్వారా ఆరు రంగుల ఛాయలను వేర్వేరుగా పెంచడానికి, తగ్గించడానికి వీలుంది. ‘డీసాచురేట్’ ఆదేశంతో ఒక్కసారిగా రంగు తీసివేసినప్పుడు ఈ ఎంపిక పరిశోధకుని చేతిలో ఉండదు.

4. రెండే ఛాయలు మిగిలినప్పుడు:

ఇంతవరకు చెప్పిన మార్పిడిలో నలుపు తెలుపుల నడుమ బూడిదరంగు ఛాయలు మిగిలే ఉంటాయి. అసలు ప్రమాదం తరువాతి దశలో ఉంది. ఫైలు పరిమాణం తగ్గించడానికి, అక్షరాలను యంత్రం చేత చదివించడానికి ఈ ఛాయలను తొలగించి పూర్తి నలుపు, పూర్తి తెలుపు మాత్రమే ఉంచుతారు. ఒక హద్దు విలువను నిర్ణయించి, అంతకు తక్కువైనవన్నీ నలుపు, ఎక్కువైనవన్నీ తెలుపు చేస్తారు. హద్దు 128 అయితే, 140 విలువతో పలుచబడిన ఒక గీత తెల్లని కాగితంలో కలిసిపోతుంది.

తెలుగు లిపిలో అటువంటి గీతకు అర్థాన్ని మార్చే శక్తి ఉంది. ‘ధ’ అడుగుగీత చెరిగితే ‘ద’ మిగులుతుంది. ‘ప్రధానము’ కాస్తా ‘ప్రదానము’ అవుతుంది. ‘ఫలము’ ‘పలము’గా మారితే పండు పోయి ఒక తూకం వస్తుంది. ‘థ’ పొట్టలోని చుక్క పోతే ‘కథ’ ‘కధ’ అవుతుంది. పాత ముద్రణల్లో అరసున్న మరీ సున్నితమైనది. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే సంఖ్య. ‘వాఁడు’ సర్వనామం, ‘వాడు’ అన్నది వడలిపోవడాన్ని తెలిపే క్రియ. పై ఉదాహరణల్లో ‘కధ’ తప్ప మిగిలిన రూపాలన్నీ అర్థవంతమైన పదాలే కాబట్టి పాఠకునికి అనుమానం రాదు. లేని పాఠాంతరం ఒకటి పుట్టుకొస్తుంది. దీనికి విరుద్ధంగా, హద్దును పెంచితే మచ్చలోని చిన్న చుక్క అక్షరానికి అంటుకొని లేని ఒత్తును కల్పించవచ్చు.

పుట మొత్తానికి ఒకే హద్దును గణితపరంగా ఎంచే పద్ధతిని 1979లో ఒట్సు ప్రతిపాదించారు. అక్షరాలను గుర్తించే టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతిని వాడుతుంది. వెలుతురు సమంగా పడిన పుటకు ఇది సరిపోతుంది. పుస్తకం కుట్టు దగ్గర నీడ పడినప్పుడు అక్కడి పాఠం నల్లబడుతుంది. అటువంటి పుటలకు, చుట్టుపక్కల ఛాయనుబట్టి చోటుచోటుకూ హద్దును మార్చుకొనే సౌవోలా వంటి పద్ధతులు మెరుగు.

5. తాళపత్రాల ప్రత్యేకత:

తాళపత్రంపై అక్షరాన్ని గంటంతో గీస్తారు. ఆ గాడిలో మసి, ఆకుపసరు వంటివి రుద్దడంవల్ల అది నల్లగా కనిపిస్తుంది. మసి నిలిచిన చోట ఛానళ్ల ఎంపిక ఉపకరిస్తుంది. మసి రాలిపోయిన చోట గాడికీ ఆకుకూ రంగులో తేడా దాదాపు ఉండదు. లేని తేడాను ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. ఫొటో తీసేటప్పుడే పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు ప్రసరింపజేస్తే గాడిలో నీడ పడి అక్షరం తెలుస్తుంది. వెలుతురు దిశ మార్చి రెండు మూడు చిత్రాలు తీసుకోవడం అవసరం.

6. పాటించదగిన క్రమం:

• మూల చిత్రాన్ని రంగుల్లోనే తీసి, మార్పులేవీ చేయకుండా భద్రపరచాలి. వీలైతే ‘రా’ ఫైలుగా తీయాలి. జేపెగ్ ఫైళ్లలో రంగు సమాచారాన్ని సాధారణంగా కుదించి దాచడంవల్ల విడదీసిన ఛానళ్లలో అక్షరాల అంచులు చెదురుతాయి.

• మూడు ఛానళ్లను విడివిడిగా పరిశీలించిన తరువాతే పాళ్లు నిర్ణయించాలి.

• చదవడానికి బూడిద ఛాయలున్న ప్రతిని వాడాలి. రెండు ఛాయల ప్రతిని యంత్రపఠనానికి, ముద్రణకు మాత్రమే పరిమితం చేయాలి.

• ఒత్తులు, అరసున్నలు సందేహాస్పదంగా ఉన్నచోట రంగుల మూలాన్ని, వీలైతే గ్రంథాన్నే తిరిగి చూడాలి.

• వాడిన సాఫ్ట్‌వేర్, ఛానళ్ల పాళ్లు, హద్దు విలువ నమోదుచేయాలి.

7. ముగింపు:

లేఖకుడు ప్రతి రాసేటప్పుడు దొర్లే దోషాలను గుర్తించడానికి పాఠపరిష్కర్తలు పద్ధతులు ఏర్పరచుకొన్నారు. డిజిటల్ ప్రతి కూడా ఒక ప్రతే. దాని దోషాలకూ కారణాలున్నాయి. ఆ కారణాలు తెలిసినప్పుడే సిరా ఎక్కని అక్షరానికీ, మార్పిడిలో పోయిన అక్షరానికీ భేదం గుర్తించగలం. శిథిలమవుతున్న గ్రంథం కొన్నేళ్ల తరువాత చేతికందకపోతే, మిగిలేది మనం తీసిన చిత్రమే. అందువల్ల సిద్ధాంతవ్యాసాల్లో గ్రంథం పేరు, ముద్రణ సంవత్సరంతోపాటు, చదివింది రంగుల ప్రతినా, నలుపు తెలుపు ప్రతినా, దాన్ని ఏ పద్ధతిలో తయారుచేశారు అన్న వివరాలను కూడా పేర్కొనడం ఆచారంగా మారాలి.