ఆకాశం నుంచి పడింది... ఎవరిదండీ?

పొద్దున్నే లేచి పెరట్లోకి వెళ్లారు. బావి పక్కన కరివేపాకు చెట్టు విరిగి పడి ఉంది. దాని మీద ఎడ్లబండి చక్రం కంటే పెద్ద లోహపు రింగు. రాత్రి పడుకునేటప్పుడు లేదది. ఏం చేస్తారు? ఇరుగుపొరుగును పిలుస్తారు. ఫొటోలు తీస్తారు. ఈలోగా ఎవరో ఒకరు ‘పాత సామాన్లవాడికి వేస్తే కిలోకి ఎంతిస్తాడో’ అని లెక్క మొదలెడతారు.

కాస్త ఆగండి. చెట్టు మీది, పెరడు మీది, బావి మీది. ఆ రింగు మాత్రం మీది కాదు!

ఇదంతా ఊహ అనుకోకండి. 2022 ఏప్రిల్ 2, ఉగాది రోజు రాత్రి మన ఆదిలాబాద్ వైపు సరిహద్దు దాటితే వచ్చే మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో జరిగింది. ఆకాశంలో నిప్పులు వరసకట్టి పోతుంటే జనం ఉల్కలనుకున్నారు, విమానం కూలుతోందనుకున్నారు. కాసేపటికి సిందేవాహీ తాలూకా లాడ్‌బోరీ గ్రామంలో ఖాళీ జాగాలో ఓ రింగు కనబడింది. అడ్డంగా కొలిస్తే దాదాపు మూడు మీటర్లు, బరువు నలభై కిలోల పైచిలుకు. పోలీసులొచ్చి పట్టుకుపోయారు. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ తాలూకు ముక్క అయ్యుండాలని నిపుణులు తేల్చారు. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నేను లాయర్ని కాను, సైంటిస్టునీ కాను. కానీ ఆ వార్త చదివినప్పట్నుంచీ ఓ ప్రశ్న బుర్రలోంచి పోవడం లేదు. ఆ రింగు నిజంగానే ఓ ఇంటి మీద పడి ఉంటే? కప్పు కూలితే? ఆ ఇంటాయన ఎవరి గుమ్మం ఎక్కాలి? బీజింగ్ ఫోన్ నంబరు కలెక్టరాఫీసులో ఇస్తారా?

రాయి అయితే ఒకటి, రాకెట్ అయితే ఒకటి

ముందు రాయి సంగతి చూద్దాం. 1890 మే నెలలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఓ ఉల్క పడింది. దాదాపు ముప్ఫై కిలోల బరువు. ఆ భూమిలో గడ్డి కోసుకోవడానికి కౌలుకు తీసుకున్న వ్యక్తి అనుమతితో ఒకాయన దాన్ని తవ్వి తీసి 105 డాలర్లకు అమ్మేశాడు. కొన్నాయన పండితుడు. ఈ లోగా అసలు భూస్వామి దావా వేశాడు. దొరికినవాడిదా, కౌలుదారుదా, భూమి గలవాడిదా? 1892లో అయోవా సుప్రీంకోర్టు తేల్చేసింది... ప్రకృతి తెచ్చి భూమిలో కలిపింది కాబట్టి అది భూమిలో భాగమేననీ, భూమి గలవాడిదేననీ. కౌలుదారుకు గడ్డి మీదే హక్కు. ఆకాశం నుంచి రాలిన గడ్డి కాదు కదా అది!

మనిషి చేసి పంపిన వస్తువు దగ్గరికొచ్చేసరికి న్యాయం తలకిందులవుతుంది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం రోదసిలోకి పంపిన వస్తువు పైన ఉన్నా, తిరిగి కింద పడ్డా పంపినవాళ్లదే. ముక్కలైనా అంతే. మరుసటేడు వచ్చిన ఇంకో ఒప్పందం ప్రకారం, దొరికిన దేశం ఆ సంగతి పంపిన దేశానికీ, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికీ చెప్పాలి. అడిగితే తిరిగి ఇచ్చేయాలి. అంటే పాత సామాన్లవాడికి వేస్తే మీరు అమ్మింది పరాయి సొత్తు. అన్నట్టు, అలాంటివి దొరికితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పడమే మంచిది. రాకెట్లలో వాడే హైడ్రజీన్ లాంటి ఇంధనాలు మహా విషం.

ఇంకో చిత్రమైన సంగతి. ‘భూమి ఎవరిదైతే దాని పైన ఆకాశం దాకా వాడిదే’ అని ఇంగ్లిషు న్యాయశాస్త్రంలో శతాబ్దాల పాటు ఓ మాట చెలామణీ అయింది. దీన్ని పూర్వపక్షం చేసింది ఓ కోళ్ల రైతు కేసు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నార్త్ కరోలినాలో ఆయన ఇంటి పైనుంచి, నేలకు 83 అడుగుల ఎత్తున సైనిక విమానాలు దూసుకెళ్లేవి. ఆ మోతకు కోళ్లు బెదిరి గోడలకు కొట్టుకుని చచ్చేవి. అలా 150 దాకా పోయాయి. వ్యాపారం మూతపడింది. 1946లో అమెరికా సుప్రీంకోర్టు రైతుకు పరిహారం దక్కాల్సిందే అంది. కానీ ఆకాశం దాకా హక్కు అనే పాత మాట ఈ కాలానికి పనికిరాదనీ తేల్చింది. పదకొండేళ్లకు స్పుత్నిక్ ఎగిరింది. మా నెత్తి మీదుగా ఎందుకు పోతున్నావని ఏ దేశమూ రష్యాను నిలదీయలేదు. అలా నోరు మెదపకపోవడమే తర్వాత్తర్వాత చట్టమైంది.

కోళ్లు కోసుకు తిన్న ఆషాఢం

కోళ్లంటే గుర్తొచ్చింది. ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్లుంటే స్కైలాబ్ గురించి అడిగి చూడండి. ముఖంలో నవ్వొస్తుంది. 1979లో అయితే నవ్వు రాలేదు.

అమెరికా 1973లో ప్రయోగించిన అంతరిక్ష కేంద్రమది. బరువు సుమారు 77 టన్నులు. ముగ్గురేసి చొప్పున మూడు దఫాలు వ్యోమగాములు ఉండొచ్చాక 1974 నుంచి ఖాళీగా తిరుగుతోంది. స్పేస్ షటిల్‌తో దాన్ని ఇంకాస్త పైకి నెట్టొచ్చని నాసా అనుకుంది. షటిల్ సమయానికి తయారు కాలేదు. ఆపైన సూర్యుడు. పదకొండేళ్లకోసారి సూర్యుడు బాగా చురుకెక్కుతాడు. అప్పుడు మన వాతావరణం పై పొరలు వేడెక్కి ఉబ్బుతాయి. అంత ఎత్తున తిరిగేవాటికి గాలి రాపిడి పెరుగుతుంది. వేగం తగ్గుతుంది, కిందికి దిగుతాయి. నాసా వేసిన అంచనా కంటే సూర్యుడు ఎక్కువే చురుకెక్కాడు.

ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలీదు. ప్రపంచంలో ఎవరో ఒకరికి ముక్క తగిలే అవకాశం 152లో ఒకటని నాసా చెప్పింది. ఈ లెక్క మన పల్లెలకు చేరేసరికి ‘మన మీదే పడుతుందట’ అయింది. రేడియో వార్తల కోసం జనం రచ్చబండ దగ్గర చేరారు. ఎలాగూ పోతాం కదా అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు. అప్పులిచ్చినవాళ్లు గాభరాపడ్డారు, తీసుకున్నవాళ్లు ధీమాగా ఉన్నారు. కరీంనగర్ ప్రాంతంలోని పల్లె నేపథ్యంగా నిత్యా మీనన్, సత్యదేవ్‌లతో 2021లో ‘స్కైలాబ్’ అని సినిమా కూడా వచ్చింది.

జులై 11న అది హిందూ మహాసముద్రం మీదుగా పోయి పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ పట్టణం చుట్టుపక్కల రాలింది. అక్కడివాళ్లు మనలా బెంగపడలేదు. నేల మీద చెత్త పారేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు! మొదటి ముక్క 72 గంటల్లో తెచ్చినవాళ్లకు పదివేల డాలర్లిస్తామని శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక ఒకటి ప్రకటిస్తే, ఎస్పెరెన్స్‌లోని పదిహేడేళ్ల కుర్రాడు ముక్కలు పట్టుకుని పాస్‌పోర్టు కూడా లేకుండా విమానమెక్కి వెళ్లి గెలుచుకున్నాడు. జరిమానా మాత్రం ముప్ఫై ఏళ్లు అలాగే ఉండిపోయింది. 2009లో అమెరికాలోని ఓ రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందాలు పోగేసి కట్టాడు.

అప్పుడు నవ్వులాటలో పడి ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ ముక్కలు నిజంగా కరీంనగర్‌లోనే పడి ఉంటే పరిహారం అడిగే హక్కు మనకుంది. రోదసి వస్తువుల వల్ల జరిగే నష్టానికి బాధ్యత ఎవరిదో చెప్పే అంతర్జాతీయ ఒడంబడిక 1972లోనే వచ్చింది. మన దేశం 1979లో, అంటే స్కైలాబ్ పడ్డ ఏడాదే అందులో చేరింది. నేల మీద ఉన్నవాళ్లకుగానీ, ఎగిరే విమానానికిగానీ నష్టం జరిగితే పంపిన దేశానిదే పూర్తి బాధ్యత. తప్పు ఎవరిదని నిరూపించక్కర్లేదు. ‘మేం జాగ్రత్తగానే చేశాం, సూర్యుడే మోసం చేశాడు’ అంటే కుదరదు. నన్నడిగితే, బాధితుడి వైపు ఇంత గట్టిగా నిలబడ్డ చట్టం అంతర్జాతీయ వ్యవహారాల్లో అరుదు.

కాగితం మీద.

డెబ్బై సెంట్లతో సహా బిల్లు

ఆ ఒడంబడిక పేరు చెప్పి బిల్లు పంపి, డబ్బు రాబట్టిన సంఘటన ప్రపంచంలో చెప్పుకోదగ్గది ఒక్కటే. 1978 జనవరి 24న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 అదుపు తప్పి కెనడా ఉత్తరాన మంచు మైదానాల మీద రాలింది. అందులో చిన్నపాటి అణు రియాక్టర్ ఉంది. ముక్కలు ఆరొందల కిలోమీటర్ల పొడవునా చెల్లాచెదురయ్యాయి. గడ్డకట్టే చలిలో నెలల తరబడి కెనడా, అమెరికా సిబ్బంది గాలించారు. దొరికిన పెద్ద ముక్కల్లో రెండు తప్ప అన్నీ రేడియోధార్మికతతో ఉన్నవే.

కెనడాకు దాదాపు కోటీ 40 లక్షల డాలర్లు ఖర్చయింది. అందులో 60,41,174 డాలర్ల 70 సెంట్లు ఇమ్మని మాస్కోకు బిల్లు పంపింది. (ఆ డెబ్బై సెంట్లు వేసిన గుమాస్తా ఎవరో గానీ దండం పెట్టాలి.) అసలు చిక్కు బేరంలో వచ్చింది. ఒడంబడికలో ‘నష్టం’ అంటే ప్రాణనష్టం, గాయాలు, ఆస్తినష్టం అని ఉంది. ఇక్కడ ఎవరూ చావలేదు, ఇల్లు కూలలేదు. శుభ్రం చేసిన ఖర్చు నష్టమవుతుందా? రేడియోధార్మిక ముక్కలు పడి మా నేల పనికిరాకుండా పోయిందంటే అది ఆస్తినష్టమేనంది కెనడా. మూడేళ్లు సాగదీశాక 1981 ఏప్రిల్ 2న 30 లక్షలకు రాజీ కుదిరింది. తప్పు మాదేనని సోవియట్లు ఎక్కడా ఒప్పుకోలేదు. ఖర్చులో నాలుగోవంతు కూడా రాలేదు. అడిగింది కెనడా, వెనక అమెరికా ఉంది. అయినా అంతే.

మరి లాడ్‌బోరీలో ఇల్లు కూలితే? ఇంటాయన నేరుగా ఈ ఒడంబడిక కింద చైనాను అడగలేడు. ఆయన తరఫున మన ప్రభుత్వం, అదీ ఏడాదిలోగా, దౌత్యమార్గంలో అడగాలి. అడుగుతుందో లేదో దాని ఇష్టం. అవతలివాళ్లు కాదంటే ముగ్గురు సభ్యుల కమిషన్ వేయించుకోవచ్చు. ఆ కమిషన్ తీర్పుకు కట్టుబడతామని ఇద్దరూ ముందే ఒప్పుకుంటే సరి, లేకపోతే అది సలహా మాత్రమే. ఓ రేకుల షెడ్డు కోసం రెండు పెద్ద దేశాలు ఇంత దూరం వెళ్తాయని నాకైతే నమ్మకం లేదు.

ఇంకో మెలిక ఉంది. పంపిన దేశం పౌరులకు ఈ ఒడంబడిక వర్తించదు. 2024 మార్చి 8న అమెరికాలోని ఫ్లోరిడాలో ఓ ఇంటి కప్పును చీల్చుకుంటూ ముప్పావు కిలో లోహపు ముక్క పడింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 2021లో వదిలేసిన పాత బ్యాటరీల సామగ్రిలోదని నాసా ఒప్పుకుంది. ఇంట్లో ఉన్న అబ్బాయికి కొద్దిలో తప్పింది. ఆ కుటుంబం 80 వేల డాలర్లకు పైగా పరిహారం కోరింది. అదే ముక్క సరిహద్దు దాటి మెక్సికోలో పడి ఉంటే ‘పూర్తి బాధ్యత’ సూత్రం పనిచేసేది. ఫ్లోరిడాలో పడింది కాబట్టి ఆ కుటుంబం సొంత దేశపు మామూలు చట్టాన్నే ఆశ్రయించాల్సి వచ్చింది.

ఇప్పుడు శ్రీహరికోట

ఇన్నాళ్లూ మనం కింద నిలబడి పైకి చూసినవాళ్లం. ఇప్పుడు పైకి పంపేవాళ్లం కూడా. 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియాలో, పెర్త్‌కు ఉత్తరాన గ్రీన్ హెడ్ అనే చోట సముద్రపొడ్డున రాగిరంగు పీపాలాంటిది కొట్టుకొచ్చింది. మనిషి కంటే ఎత్తు. ఒళ్లంతా సముద్రపు గుల్లలు. చూసినవాళ్లు రకరకాలుగా చెప్పుకున్నారు. నెలాఖరుకు ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ అది బహుశా మన పీఎస్ఎల్‌వీ మూడో దశ అని ప్రకటించింది. శ్రీహరికోట నుంచి దక్షిణంగా పోయే రాకెట్ మూడో దశ పని ముగించుకుని సముద్రంలోనే పడుతుంది. దాని తొడుగు లోహం కాదు, కెవ్లార్ నారతో చేసింది. అందుకే తేలుతూ పోయుంటుంది. స్కైలాబ్ ముక్కల పక్కనే దీన్నీ మ్యూజియంలో పెట్టుకోవచ్చని ఆ రాష్ట్ర ప్రీమియర్ అన్నారు. నష్టమేమీ లేదు కాబట్టి మాటలతో పోయింది. ఉంటే బిల్లు ఢిల్లీకి వచ్చేది.

పంపేది ఇస్రో ఒక్కటే అయితే ఫరవాలేదు. 2022 నవంబర్ 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ విక్రమ్-ఎస్ అనే రాకెట్‌ను శ్రీహరికోట నుంచే ఎగరేసింది. ప్రైవేటు రాకెట్ వల్ల పరాయి దేశంలో నష్టం జరిగినా ఒడంబడిక ప్రకారం జవాబుదారీ భారత ప్రభుత్వమే. అమెరికా 1988 నుంచే ప్రైవేటు ప్రయోగాలకు ఇతరులకు జరిగే నష్టంపై బీమా తప్పనిసరి చేసింది. మనదగ్గర 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా బయటపెట్టారు. 2023లో అంతరిక్ష విధానం, 2024లో దాని అమలుకు ఇన్-స్పేస్ మార్గదర్శకాలు వచ్చాయి. విధానం వేరు, పార్లమెంటు చేసే చట్టం వేరు.

ఆ ముసాయిదా తెరిచి చూశాను. కంపెనీ వల్ల ప్రభుత్వం మీదికి దావా వస్తే ఆ భారం కంపెనీ భరించాలని ఉంది. బాగుంది. ప్రభుత్వం జేబు భద్రం. ప్రయోగం ఉన్న రోజు వేటకు వెళ్లొద్దంటే పడవ ఒడ్డున కట్టేసుకుని కూర్చునే పులికాట్ తీరం మత్స్యకారుడి సంగతి? రేపు ఏదో ఒక ముక్క అతని వల మీదో పడవ మీదో పడితే, అతను పంపిన దేశపు పౌరుడే కాబట్టి ఒడంబడిక అతని దాకా రాదు. అతనికి మిగిలేది వకీలు, వకాల్తా, వాయిదాలు.