వీడియో ఛానల్‌కు కొన్న ఎరువు వద్దు

సెల్‌ఫోన్ లేని రైతు ఇప్పుడు అరుదు. గట్టు మీద కూచుని యూట్యూబ్‌లో సాగు వీడియోలు చూడని రైతు అంతకన్నా అరుదు. చూడగా చూడగా 'మనమూ ఒక ఛానల్ పెడితే పోలా?' అన్న ఆలోచన చాలామందికి వస్తోంది. చదువుకుని వూళ్ళోనే వున్న పిల్లలుంటే ఇక చెప్పనక్కర్లేదు. ఆలోచన మంచిదే. ఛానల్ పెట్టడానికి పైసా కట్టక్కర్లేదు. చేతిలో వున్న ఫోనే చాలు.

తంటా అంతా పెట్టాక, అది ఎదగడం దగ్గరే వుంది. తొందరపడి కొందరు చేతి డబ్బు వదిలించుకుంటున్నారు. ఇంకొందరు అప్పు చేసి కెమెరాలు కొంటున్నారు. అందుకే రైతు సోదరులారా, ఛానల్ తన బలం మీద తాను ఎదగాలంటే ఏం చేయాలో, ఏం చేయకూడదో ఈ వారం తెలుసుకుందాం.

నేను వదిలించుకున్న 2 వేలు

ఎవరి సంగతో ఎందుకు, నా సంగతే చెబుతాను. 2021లో మా అరెకరం పసుపు చేను మీద ఒక ఛానల్ మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి చేరింది 42 మంది. అందులో సగం మా చుట్టాలే. అప్పుడు ఒకతను ఫోన్ చేసి 'అన్నా, 2 వేలు పంపు, వారంలో వెయ్యిమందిని ఎక్కిస్తా' అన్నాడు. పంపాను. అన్నట్టుగానే వారంలో వెయ్యి దాటింది. ఇంటిల్లిపాదికీ చూపించుకున్నాను.

ఆ తర్వాత పెట్టిన వీడియో చూసింది 19 మంది. వెయ్యిమంది వున్న ఛానల్‌లో 19 మంది! రెండు నెలలు గడిచేసరికి ఆ వచ్చినవాళ్ళలో ఎక్కువమందిని యూట్యూబ్ వాళ్ళే తీసేశారు. ఆ మనిషికి ఫోన్ చేస్తే నంబరే పనిచేయలేదు. 'ఆ 2 వేలుంటే చేనులో ఒకసారి కలుపు తీయించేదాన్ని' అని మా ఇంటావిడ ఇప్పటికీ దెప్పుతూనే వుంటుంది.

కొన్నవాళ్ళు ఎందుకు పనికిరారు?

యూట్యూబ్ కొత్త వీడియోను ముందు కొద్దిమందికి చూపిస్తుంది. వాళ్ళు దాన్ని తెరిచారా, తెరిస్తే ఎంతసేపు చూశారు, మధ్యలో వదిలేశారా అన్నది లెక్క కడుతుంది. బాగా చూస్తే ఇంకొందరికి చూపిస్తుంది. కొన్న సబ్‌స్క్రైబర్లలో అసలు మనుషులు తక్కువ. వున్నా వాళ్ళకు పసుపుతో పనిలేదు, చూడరు. అంటే తాలు విత్తనం చల్లి మొలకల కోసం ఎదురుచూసినట్టే.

పైగా డబ్బిచ్చి సబ్‌స్క్రైబర్లను, వ్యూస్‌ను తెచ్చుకోవడం యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం. దొరికితే వీడియోలు తీసేస్తారు, ఛానల్‌నే మూసేయవచ్చు. 'నీ ఛానల్‌లో నేను చేరతా, నా ఛానల్‌లో నువ్వు చేరు' అనే ఇచ్చిపుచ్చుకోవడాలూ ఈ కోవలోకే వస్తాయి. 'నీ పాస్‌వర్డ్ ఇవ్వు, ఓటీపీ చెప్పు, ఛానల్ పెంచుతా' అనేవాళ్ళు మరీ ప్రమాదం. ఛానల్ మొత్తం వాళ్ళ చేతికి పోతుంది.

ముందు లెక్క చూసుకోండి

ఛానల్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే రెండు షరతులున్నాయి. ఒకటి, వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు వుండాలి. రెండు, గడిచిన 12 నెలల్లో జనం మీ వీడియోలను 4,000 గంటలు చూసి వుండాలి. లేదా షార్ట్స్ అనే చిన్న వీడియోలకు 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ వరుసలో జనం చూసిన సమయం ఈ 4,000 గంటల్లో కలవదని గుర్తుంచుకోండి.

4,000 గంటలంటే 2 లక్షల 40 వేల నిమిషాలు. ఒక్కొక్కరు సగటున 4 నిమిషాలు చూస్తారనుకుంటే 60 వేలసార్లు చూడాలి. వారానికి ఒకటి చొప్పున ఏడాదికి 52 వీడియోలు పెడితే, ఒక్కోదాన్ని సుమారు 1,150 మంది చూడాలి. కష్టమే గానీ కానిపని కాదు. అయితే ఒక్క పంటకాలంలో అవుతుందని ఆశపడకండి. నా ఛానల్‌ను మళ్ళీ మొదటి నుంచి నడిపితే, నిజమైన వెయ్యిమంది చేరడానికి రెండేళ్ళ మూడు నెలలు పట్టింది.

ఆ షరతులు దాటాక కూడా ప్రకటనల మీద వచ్చే రూపాయిలో 55 పైసలు మనకు, మిగిలింది యూట్యూబ్‌కు. షార్ట్స్‌లో మన వాటా 45 పైసలు. 100 డాలర్లు పోగయ్యాకే బ్యాంకులో వేస్తారు. అంతకుముందే, 10 డాలర్లు దాటగానే మీ చిరునామాకు పోస్టులో ఒక పిన్ నంబరు పంపుతారు. కాబట్టి బ్యాంకు పుస్తకంలో వున్నట్టే పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడ్ సరిగా ఇవ్వండి. పోస్ట్‌మ్యాన్‌కూ ముందే ఒక మాట చెప్పి వుంచండి.

ఎదిగినవాళ్ళు ఎలా ఎదిగారు?

జగిత్యాల జిల్లా లంబాడిపల్లి పేరు మీరు వినేవుంటారు. శ్రీరామ్ శ్రీకాంత్ అక్కడ 2012లో 'మై విలేజ్ షో' మొదలుపెట్టారు. ఆ వూరి మాట, ఆ వూరి మనుషులు, ఆ వూరి గొడవలే వాళ్ళ సరుకు. కూలిపని చేసుకుని బతికిన గంగవ్వ ఆ వీడియోలతోనే ఇంటింటికీ తెలిసి, 2020లో టీవీలో బిగ్‌బాస్ దాకా వెళ్ళారు. మధ్యలో ఎన్నేళ్ళు గడిచాయో చూడండి.

నల్గొండ జిల్లాకు చెందిన రాజేందర్‌రెడ్డి నడిపే 'తెలుగు రైతుబడి' తీరు వేరు. రైతు దగ్గరికి వెళ్ళి, ఎకరాకు పెట్టుబడి ఎంత, దిగుబడి ఎంత, మిగిలింది ఎంత అని మనం గట్టు మీద అడుక్కునే ప్రశ్నలే అడుగుతారు. రైతుకు కావాల్సిందీ అదే.

రైతు మాట రైతుకు ఎక్కుతుందనడానికి పాత రుజువు కూడా వుంది. 2006లో బెంగుళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధన సంస్థలో 'డిజిటల్ గ్రీన్' అనే పని మొదలైంది. వూళ్ళో రైతుల చేతే వీడియోలు తీయించి, ఆ చుట్టుపక్కల రైతులకే చూపించారు. కర్ణాటక గ్రామాల్లో పరీక్షించి చూస్తే, మామూలు విస్తరణ పద్ధతి కన్నా ఏడు రెట్లు ఎక్కువగా కొత్త పద్ధతులు పాటించారని తేలింది. తెర మీద కనపడేది తమలాంటి రైతు కావడమే అక్కడ పనిచేసింది. పెద్ద కెమెరాలేం లేవు.

ఒకే పంట పట్టుకోండి

కొత్తవాళ్ళు చేసే తప్పు ఏమిటంటే ఈ వారం పసుపు, పై వారం జాతర, ఆ పై వారం వంట. చేరినవాడికి ఇది దేని ఛానలో తెలియదు. కనీసం ఏడాదిపాటు ఒక్కదాన్నే పట్టుకోండి. మీకున్నది ఎకరం అయినా పర్వాలేదు. పసుపు అయితే విత్తన దుంప ఎంపిక దగ్గర్నుంచి తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి మార్కెట్‌కు తీసుకెళ్ళేదాకా తీస్తే 30 వీడియోలకు తక్కువ కాదు. గొర్రెలు, నాటుకోళ్ళు, కూరగాయలు, ఏదైనా అంతే.

అదును కూడా చూసుకోవాలి. దుంపకుళ్ళు వానలు ముదిరి చేనులో నీళ్ళు నిలిచినప్పుడు వస్తుంది. అది పోయాక చలికాలంలో వీడియో పెడితే చూసేవాడు వుండడు. రోగం కనపడే రోజుల్లోనే పెట్టాలి. నారు గురించి అయితే నారు పోయడానికి పది రోజుల ముందే పెట్టాలి. ఒకసారి తీసిన మంచి వీడియోను పై ఏడు అదే అదునులో జనం మళ్ళీ వెతుక్కుని చూస్తారు.

పేరు కూడా రైతు అడిగే మాటల్లోనే పెట్టండి. 'అద్భుతం, చూస్తే షాకవుతారు' అని పెడితే తెరిచినవాడు తిట్టుకుని పోతాడు. 'పసుపులో కింది ఆకులు ఎండుతున్నాయా? దుంపకుళ్ళు ఇలా గుర్తుపట్టండి' అని పెడితే, ఆ బాధ వున్నవాడే వస్తాడు, చివరిదాకా చూస్తాడు.

తీసేటప్పుడు మెలకువలు

పొద్దున ఎండ ముదరకముందు గానీ, సాయంత్రం 4 దాటాక గానీ తీయండి. సూర్యుడు మీ వీపు వైపు వుండాలి. ఫోన్ అడ్డంగా పట్టుకోండి. పొలంలో గాలి హోరు మాటను మింగేస్తుంది. డబ్బు పెడితే ముందు చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు మీద పెట్టండి. కెమెరా సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మొదటి అర నిమిషంలోనే ఏం చెప్పబోతున్నారో చెప్పేయండి. నమస్కారాలు, వూరి పరిచయాలు రెండు ముక్కల్లో ముగించండి. రోగం చూపించేటప్పుడు ఆకు పైభాగం, అడుగుభాగం, వేరు, దుంప దగ్గరగా చూపండి. సినిమా పాట వెనక వేయకండి. ఆ వీడియో మీద వచ్చే డబ్బు పాట హక్కుదారుకు పోవచ్చు. హక్కుల ఉల్లంఘన కింద 90 రోజుల్లో మూడు హెచ్చరికలు వస్తే ఛానలే పోతుంది. ఎద్దుల గంటలు, మోటారు చప్పుడు చాలు, అవే మన సంగీతం.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులు ఇరవయ్యేళ్ళ కిందటే కెమెరా పట్టారు. చాలామందికి బడి తెలియదు. మనిషి కళ్ళకు సమానంగా కెమెరా పెట్టి తీయడాన్ని వాళ్ళు 'సంఘం షాట్' అనుకున్నారు. సంఘంలో అందరూ సమానమే కదా. మీరూ ఎదుటి రైతును అలాగే తీయండి, కింద కూచున్నవాడి మీద నిలబడి తీయకండి.

మాట జారితే ఎకరం పోతుంది

ఇది అన్నిటికన్నా ముఖ్యం. మళ్ళీ మొదలుపెట్టిన కొత్తలో ఒక వీడియోలో తెగులు మందు మోతాదు గుర్తున్నంతలో చెప్పేశాను. మర్నాడు పక్క మండలం నుంచి ఒక రైతు ఫోన్. 'అన్నా, నువ్వు చెప్పింది లీటరు నీళ్ళకా, ట్యాంకుకా?' అని. నాకు గుండె ఆగినంత పనయింది. ఆ మాట నేను చెప్పనేలేదు. ఆయన అడిగాడు కాబట్టి సరిపోయింది. అడగకుండా కొట్టినవాళ్ళు ఎందరో నాకు తెలియదు. ఆ వీడియో వెంటనే తీసేశాను.

అప్పటినుంచి మోతాదు చెప్పాల్సి వస్తే డబ్బా మీది చీటీ చూపించి చదువుతాను. 'నేను చేసింది ఇది, నా నేలలో ఫలితం ఇది' అంటాను గానీ 'మీరూ కొట్టండి' అనను. అనుమానం వుంటే కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551ను గానీ అడగమంటాను.

ఛానల్ కాస్త ఎదగగానే 'మా మందును పొగుడు, ఇంత ఇస్తాం' అని వచ్చేవాళ్ళు వుంటారు. డబ్బు తీసుకుంటే ఆ సంగతి వీడియోలో చెప్పి తీరాలి. మీ చేనులో వాడి చూడని దాన్ని మాత్రం ఎంత ఇచ్చినా పొగడకండి. మీ మాట నమ్మి కొనేది మీలాంటి ఎకరం, అరెకరం రైతే. ఆ ఎకరం పోతే ఆ ఏడు ఆయన ఇంట్లో ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా?

మరి లాభమేమిటి?

ప్రకటనల డబ్బు మీద ఆశపెట్టుకుని వ్యవసాయం వదిలేయకండి, అప్పు అసలే చేయకండి. చిన్న ఛానల్‌కు అది చెయ్యి ఖర్చులకు వస్తే గొప్ప. అసలు లాభం వేరే వుంది. మీ పంట ఎలా పండించారో ఏడాది పొడవునా చూసినవాడు నేరుగా మీ దగ్గరే కొంటానంటాడు. పోయినేడు మా పసుపులో కొంత కొమ్ములుగా అలా అమ్ముడుపోయింది. దళారీ మాట రాలేదు. పొడి పట్టించి అమ్మాలనుకుంటే మాత్రం ముందు ఆహార భద్రతా సంస్థ నమోదు చేయించుకోండి. సరుకు చేతిలో లేకుండా ఎవరి దగ్గరా ముందు డబ్బు తీసుకోకండి.

ఇంకో లాభం, ప్రశ్నలు. చూసినవాళ్ళు అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబివ్వండి. తెలియకపోతే తెలియదనండి, కనుక్కుని పై వారం చెప్పండి. ఒకే ప్రశ్న ముగ్గురు అడిగారంటే మీ తర్వాతి వీడియో అదే.

విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలవదు. కొన్న అంకెలు వేస్తే అంకెలే మొలుస్తాయి. మీ చేను, మీ మాట, మీ నిజం వేస్తే నిదానంగానైనా మనుషులు వస్తారు. రేపు పొద్దున చేనుకు వెళ్ళినప్పుడు ఫోన్ తీసి మీ పైరు ఎలా వుందో ఐదు నిమిషాలు చెప్పండి. మొదటి వీడియో అదే.