మంచుగొడ్డలి నుంచి మంచినీళ్ల చెంబు దాకా

మా ఇంటి అటక మీద ఒక వీపుసంచి ఉంది. ట్రెక్కింగుకని ముచ్చటపడి కొన్నాను. ట్రెక్కింగుకు తప్ప అన్నిటికీ వెళ్లొచ్చింది. విశాఖకు ఆవకాయ జాడీలు మోసింది, తిరుపతికి తువ్వాళ్లు మోసింది. దాని అడుగున చిన్న నాడా ఉచ్చు ఒకటి వేలాడుతుంటుంది. అదెందుకో చాలా ఏళ్లు తెలియలేదు. మంచుకొండలు ఎక్కేవాళ్లు మంచుగొడ్డలి తగిలించుకోవడానికట! గుంటూరు ఎండల్లో నేను దానికి గొడుగు తగిలించాను.

నవ్వుకుంటే నవ్వుకోండిగానీ, ఆ మంచుగొడ్డలి నుంచే ఒక మహా వ్యాపారం పుట్టింది. 1930ల్లో అమెరికాలోని సియాటిల్‌లో లాయిడ్ ఆండర్సన్ అనే కొండలెక్కే ఆసామి ఉండేవాడు. ఊళ్లో మంచుగొడ్డలి కొంటే 20 డాలర్లు అయింది, అదీ నాసిరకం. ఆస్ట్రియా నుంచి పోస్టులో తెప్పించుకుంటే తపాలా ఖర్చుతో కలిపి మూడున్నర డాలర్లకే మేలైన సరుకు వచ్చింది. అది చూసి స్నేహితులంతా ‘మాకూ తెప్పించవా’ అని వెంటపడ్డారు. 1938లో ఆయనా, భార్య మేరీ, ఓ ఇరవైమంది మిత్రులూ కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు. సభ్యత్వం ఒక డాలరు. అదే ఇవాళ్టి ఆర్‌ఈఐ. 1963లో ఎవరెస్టు ఎక్కిన తొలి అమెరికన్ జిమ్ విటకర్ ఆ కొట్లో మొదటి పూర్తికాలపు ఉద్యోగి. తర్వాత దానికే పెద్ద అధికారి అయ్యాడు. సభ్యులు ఇప్పుడు రెండు కోట్లు దాటారు. 2022లో సంఘం 385 కోట్ల డాలర్ల సరుకు అమ్మి తన పాత రికార్డులన్నీ చెరిపేసింది. విచిత్రం ఏమిటంటే, ఆ రికార్డు ఏడాదే 16 కోట్ల డాలర్లకు పైగా నష్టం కూడా చూసింది.

ఆరుబయట సరదాల సరుకు అమ్మేవాళ్ల లెక్క ఎప్పుడూ ఇలాగే తిన్నగా నడవదు. 2011 నవంబరులో, అమెరికాలో జనం దుకాణాల మీద విరుచుకుపడే బ్లాక్ ఫ్రైడే రోజున, పటగోనియా కంపెనీ న్యూయార్క్ టైమ్స్‌లో పేజీ నిండా ఒక ప్రకటన వేసింది. నడుమ తన జాకెట్టు బొమ్మ, పైన ‘ఈ జాకెట్టు కొనకండి’ అని పెద్దక్షరాలు. అది తయారవడానికి 135 లీటర్ల నీళ్లు ఖర్చయ్యాయని తప్పు ఒప్పుకున్నట్టు కింద రాసింది కూడా. మరుసటి ఏడాది అమ్మకాలు దాదాపు మూడో వంతు పెరిగాయి. పిల్లాడికి బెల్లం డబ్బా చూపించి ‘ముట్టుకోకు’ అంటే ఏమవుతుందో మన బామ్మల్ని అడిగినా చెప్పేవారు. నాలుగేళ్లకు, 2015లో ఆర్‌ఈఐ ఇంకో అడుగు వేసింది. బ్లాక్ ఫ్రైడే నాడు తన 143 దుకాణాలూ మూసేసి, సిబ్బందికి జీతమిచ్చి మరీ ‘బయట తిరిగి రండి’ అని పంపేసింది. కోట్లు పోసినా రానంత పేరు ఆ ఒక్క సెలవుతో వచ్చింది.

సెలవన్నదే ఎరగని కొట్టు చూడాలంటే మెయిన్ రాష్ట్రంలోని ఫ్రీపోర్ట్‌కు వెళ్లాలి. అక్కడ ఎల్.ఎల్. బీన్ దుకాణం 1951 నుంచీ రాత్రింబవళ్లు తెరిచే ఉంటోంది. వేటకూ, చేపలకూ తెల్లవారుజామునే బయల్దేరే జనం అర్ధరాత్రి తలుపు తడుతుంటే విసుగెత్తి, అసలు మూయడమే మానేశారు. 1963లో కెనడీ అంత్యక్రియలకు మూయాల్సి వచ్చినప్పుడు చూసుకుంటే తలుపులకు తాళాలే లేవని చెప్పుకుంటారు. ఆ వ్యాపారం మొదలైన తీరు ఇంకా వింత. 1912లో లియోన్ లియోన్‌వుడ్ బీన్ అడుగున రబ్బరు, పైన తోలు ఉన్న వేట బూట్లు నూరు జతలు అమ్మాడు. అందులో 90 జతలు కుట్లు ఊడిపోయి వెనక్కి వచ్చాయి! అందరికీ డబ్బు తిరిగిచ్చి, అప్పు చేసి, మళ్లీ కుట్టించాడు. నూరేళ్ల పేరుకు అదే పునాది. ఎప్పుడు తెచ్చినా వాపసు తీసుకుంటామన్న ఆ మాటను కంపెనీ 2018 దాకా నిలబెట్టుకుంది. జనం పాత సామాన్ల సంతలో చవగ్గా కొన్న బూట్లను కూడా తెచ్చి ‘డబ్బివ్వండి’ అంటుంటే అయిదేళ్లలో 25 కోట్ల డాలర్లు పోయాయి. ఇక లాభం లేదని ఏడాది గడువు పెట్టింది. అతి మంచితనానికి అంత పెద్ద బిల్లు నేనెక్కడా చూడలేదు.

మరో పక్క 1961లో, నెబ్రాస్కాలో డిక్ కబేలా అనే కుర్రాడు చేపల గాలానికి కట్టే ఉత్తుత్తి ఈగలు కొన్ని కొన్నాడు. దారం, ఈకలు చుట్టి చేస్తారు వాటిని, వేలి గోరంత ఉంటాయి. ‘డాలరుకు పన్నెండు’ అని పేపర్లో ప్రకటన వేస్తే ఒకే ఒక్క ఆర్డరు వచ్చింది. రెండోసారి తెలివిగా ‘అయిదు ఈగలు ఉచితం, తపాలా ఖర్చులకు పావు డాలరు పంపితే చాలు’ అని వేశాడు. ఉత్తరాలు కుప్పలు తెప్పలయ్యాయి. లెక్క వేసి చూడండి: రెండో బేరంలోనే ఈగ చవక!

ఆ కబేలా కంపెనీని 2017లో కొనేసిన బాస్ ప్రో షాప్స్‌కు మెంఫిస్ నగరంలో ఓ దుకాణం ఉంది. పిరమిడ్‌లో! 321 అడుగుల ఎత్తు. అంతకుముందు అది బాస్కెట్‌బాల్ స్టేడియం, 2002లో మైక్ టైసన్ కూడా అక్కడ బాక్సింగులో ఓడిపోయాడు. 2015 నుంచి లోపల చెట్లు, మడుగులు, మొసళ్లు, వాటిపైన వందకు పైగా గదుల హోటలు. గాలం కొనడానికి వెళ్లి రాత్రి అక్కడే పడుకోవచ్చన్నమాట.

కరోనా కాలం ఈ వర్తకులకు పట్టపగ్గాల్లేని పండగ. సినిమాలు, హోటళ్లు మూతపడటంతో జనం చెట్ల కిందకు పరిగెత్తారు. పడకా వంటిల్లూ ఉండే చక్రాల ఇళ్లు, ఆర్‌వీలు, అమెరికాలో 2021లో 6,00,240 దుకాణాలకు చేరాయి. అది ఆల్‌టైమ్ రికార్డు. రెండేళ్లకే, 2023లో, ఆ అంకె 3,13,174కు పడిపోయింది. వాటిలో అధికభాగం తయారయ్యే ఎల్క్‌హార్ట్ ఊరికి ఆ రెండంకెల తేడా ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. సైకిళ్లదీ అదే తంతు. ఒకప్పుడు దొరక్క కొట్టుకున్నారు, తర్వాత గోదాముల్లో పేరుకుపోయాయి. సైకిలు గేర్లకు పేరుపడిన జపాన్ షిమానో అమ్మకాలు 2022లో 62,890 కోట్ల యెన్‌లకు ఎగబాకి, ఏడాదికే నాలుగో వంతు కోసుకుపోయాయి. సైకిలు ఒకసారి కొంటే పదేళ్లు వస్తుంది కదా. ఏటా కొంటారని ఎవరు లెక్క వేశారో!

స్టాన్లీ ఫ్లాస్కుది మాత్రం వేరే కథ. విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్లతో పేరు తెచ్చుకున్న విలియం స్టాన్లీ 1913లో చేసిన ఉక్కు ఫ్లాస్కు అది. నూరేళ్లు కూలీల చేతుల్లో, వేటగాళ్ల సంచుల్లో తిరిగింది. ఆ కంపెనీ 2016లో తెచ్చిన 40 ఔన్సుల పిడి గ్లాసు సరిగా పోక అటకెక్కబోతుంటే, ముగ్గురు ఆడవాళ్లు నడిపే ఓ షాపింగు బ్లాగు అడ్డుపడింది. కంపెనీ వెనకాడితే వాళ్లే 5,000 గ్లాసులు టోకున కొని అయిదు రోజుల్లో అమ్మి చూపించారు. లేత గులాబీ, పిస్తా రంగులు వేయగానే కంపెనీ రాబడి ఏడు కోట్ల డాలర్ల నుంచి 2023కల్లా 75 కోట్లకు పెరిగింది. ఆ ఏడాదే ఓ అమ్మాయి కారు పూర్తిగా కాలిపోతే, లోపలున్న గ్లాసులో మంచుముక్కలు కరగలేదు. ఆ వీడియో చూసి కంపెనీ ఆమెకు కారే కొనిచ్చింది.

మన దేశంలో ఈ సరుకును వీధికి తెచ్చింది 2009లో బెంగళూరులో అడుగుపెట్టిన ఫ్రెంచి డెకథ్లాన్. 2022-23లో ఇక్కడ దాని రాబడి 3,955 కోట్ల రూపాయలు. హైదరాబాద్‌లో శనివారం సాయంత్రం అలాంటి కొట్లకు వెళ్తే, డేరాల దగ్గర పిల్లలు దాగుడుమూతలు ఆడుతుంటారు. నాన్నలు బూట్లు తొడిగి, నడవాలో రెండడుగులు వేసి, ధర చీటీ చూసి విప్పేస్తుంటారు.

ఇంతకీ నాకు నచ్చిన వింత వీటిలో ఏదీ కాదు. 1910 ప్రాంతంలో బెర్లిన్‌లో పుట్టిన పెట్రోమాక్స్ దీపం. మన పెళ్లి ఊరేగింపుల్లో, సురభి నాటకాల్లో, తీర్థాల్లో బుస్సుమంటూ వెలిగింది అదే. పంపు కొట్టేవాడొకడు, నెత్తిన మోసేవాడొకడు, మాంటిల్ రాలిపోతే తిట్లు తినేవాడు మరొకడు. కరెంటొచ్చి మనకు మూలపడిన ఆ దీపాన్ని జర్మనీలో ఇప్పుడు క్యాంపింగు సామానుగా, ఇత్తడి మెరుపులతో అమ్ముతున్నారు. కొనుక్కున్నవాళ్లు వారాంతాల్లో అడవి అంచున కూర్చుని, చీకటి పడగానే తీరిగ్గా పంపు కొట్టుకుంటున్నారు.