9, 17, 35, 53: ఈ అంకెల వెనుక ఓ కుటుంబం

ఆవర్తన పట్టికలో కుడి నుంచి రెండో నిలువు వరుస, అంటే 17వ గ్రూపు, హాలోజన్లది. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్, ఆస్టటీన్, టెనెస్సీన్. వీటి పరమాణు సంఖ్యలు 9, 17, 35, 53, 85, 117. పిల్లలు వీటిని బట్టీ పడతారు. పట్టే ముందు పక్కపక్క అంకెల మధ్య తేడా కట్టి చూస్తే 8, 18, 18, 32, 32 వస్తాయి. పట్టికలో మూడో అడ్డు వరుస నుంచి ఏడో వరుస దాకా ఒక్కో దాంట్లో ఉన్న మూలకాల సంఖ్యలు కూడా సరిగ్గా ఇవే!

ప్రతి అడ్డు వరుసా ఒక జడవాయువుతో ముగుస్తుంది. హాలోజన్ దానికి ఒక్క అడుగు ముందుంటుంది. క్లోరిన్‌లో ఎలక్ట్రాన్ల అమరిక 2, 8, 7. బ్రోమిన్‌లో 2, 8, 18, 7. పరమాణువు ఎంత పెద్దదైనా బయటి కక్ష్యలో ఉండేవి 7 ఎలక్ట్రాన్లే. 8 కావడానికి ఒక్కటే తక్కువ. సోడియం దగ్గర ఆ ఒక్కటి అందుకున్న క్లోరినే మన వంటింటి ఉప్పులో ఉంది.

గుణం ఒకటే గానీ బలం ఒకటి కాదు. పొటాషియం అయోడైడ్ ద్రావణం నీళ్లలాగే ఉంటుంది. అందులో కాస్త క్లోరిన్ నీళ్లు కలపండి, గోధుమరంగుకు తిరుగుతుంది. గంజి చుక్క వేస్తే నీలి నలుపు. అయోడైడ్ దగ్గరున్న ఎలక్ట్రాన్‌ను క్లోరిన్ లాక్కుని, అయోడిన్‌ను విడిగా బయటికి నెట్టింది. ఎలక్ట్రాన్లను లాగే శక్తిని కొలిచే పౌలింగ్ స్కేలుపై ఫ్లోరిన్‌ది 3.98, క్లోరిన్‌ది 3.16, అయోడిన్‌ది 2.66. పైనుంచి కిందికి వచ్చేకొద్దీ పట్టు సడలుతుంది.

మరిగే ఉష్ణోగ్రతలు మాత్రం పైకి పోతాయి: −188, −34, 59, 184 డిగ్రీల సెల్సియస్. ఫ్లోరిన్ అణువులో 18 ఎలక్ట్రాన్లుంటే అయోడిన్ అణువులో 106. ఎలక్ట్రాన్లు ఎక్కువైన కొద్దీ అణువుల మధ్య ఆకర్షణ పెరుగుతుంది. అందుకే గది వేడిలో ఫ్లోరిన్, క్లోరిన్ వాయువులు, బ్రోమిన్ ద్రవం, అయోడిన్ ఘనం.

ఈ గుణాల పోలికనే ఆవర్తన పట్టికను రూపొందించిన మెండలీవ్ నమ్ముకున్నాడు. టెల్లూరియం పరమాణు భారం 127.6, అయోడిన్‌ది 126.9. బరువు ప్రకారమైతే అయోడిన్ ముందు రావాలి. ఆయన దాన్ని వెనక్కి జరిపి క్లోరిన్, బ్రోమిన్‌ల సరసన పెట్టాడు. నాకు ఆ పట్టికలో అన్నిటికన్నా గొప్పగా కనిపించే నిర్ణయం అదే. 1913లో భౌతిక శాస్త్రవేత్త మోస్లీ ఎక్స్ కిరణాలతో పరమాణు సంఖ్యలకు ఆధారం చూపాక లెక్క తేలింది: టెల్లూరియం 52, అయోడిన్ 53.

చివరిది టెనెస్సీన్. రష్యాలోని దుబ్నాలో కాల్షియం (20) కేంద్రకాలతో బెర్కీలియం (97)ను ఢీకొట్టించి తయారుచేశామని 2010లో ప్రకటించారు. 20, 97 కలిస్తే 117. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నుంచి తెచ్చిన బెర్కీలియం 22 మిల్లీగ్రాములు, దొరికిన టెనెస్సీన్ పరమాణువులు 6. స్థానం 17వ గ్రూపులోనే అయినా, అది మిగతా హాలోజన్లలా ఎలక్ట్రాన్ కోసం ఎగబడకపోవచ్చని సిద్ధాంతం అంచనా వేస్తోంది. తేల్చి చెప్పడానికి కావలసినంత పదార్థం ఇంతవరకు తయారు కాలేదు.