మంచు కరిగితే మారేది రూపం మాత్రమే కాదు

ఘనపదార్థం కరిగి ద్రవంగా మారినప్పుడు దాని రసాయన స్వభావం మారదు. మంచుగడ్డలోనూ, నీటిలోనూ ఉన్నది ఒకే రకమైన అణువు. అయినా సాంద్రత, దృఢత్వం, కాంతిని పరావర్తనం చేసే గుణం వంటి భౌతిక ధర్మాలు మారిపోతాయి. హిమాలయ నదుల దిగువన నివసించే కోట్లాది ప్రజల భద్రత ఈ మార్పులతో ముడిపడి ఉంది.

0 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న మంచుకు ఎంత వేడి అందించినా, అది పూర్తిగా కరిగే వరకు ఉష్ణోగ్రత పెరగదు. ఆ వేడి అంతా అణువుల అమరికను సడలించడానికే ఖర్చవుతుంది. దీనినే ద్రవీభవన గుప్తోష్ణం అంటారు. ఒక గ్రాము మంచు కరగడానికి సుమారు 334 జౌళ్లు అవసరం. అంతే వేడితో ఒక గ్రాము నీటిని 0 నుంచి దాదాపు 80 డిగ్రీలకు చేర్చవచ్చు. వేసవిలో హిమానీనదాలు ఒక్కసారిగా కరిగిపోకుండా నదులకు క్రమంగా నీరందించడానికి ఇదొక కారణం.

మైనం, సీసం వంటి అధిక పదార్థాలు కరిగినప్పుడు వ్యాకోచిస్తాయి. మంచు ఇందుకు భిన్నం. ఒక ఘనపు మీటరు మంచు సుమారు 917 కిలోలు ఉంటే, అంతే పరిమాణంలోని నీరు సుమారు 1,000 కిలోలు ఉంటుంది. అంటే కరిగిన మంచు దాదాపు 8 శాతం కుంచించుకుపోతుంది. మంచు నీటిపై తేలడానికి కారణం ఈ తేడాయే.

కొత్తగా కురిసిన మంచు తనపై పడే సూర్యకాంతిలో సుమారు 80 శాతాన్ని తిప్పి పంపుతుంది. నీరు మాత్రం అధిక భాగాన్ని గ్రహిస్తుంది. అందువల్ల హిమానీనదం అంచున ఏర్పడిన సరస్సు వేడెక్కి, పక్కనున్న మంచును మరింత వేగంగా కరిగిస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది దృఢత్వం కోల్పోవడం. గడ్డకట్టిన మంచు కొండవాలులోని రాళ్లను, మట్టిని సిమెంటులా పట్టి ఉంచుతుంది. అది కరిగితే ఆ పట్టు సడలుతుంది. 2023 అక్టోబరులో సిక్కింలోని సౌత్ లోనాక్ సరస్సు పక్కనున్న రాళ్లు, మట్టితో కూడిన వాలు అందులోకి జారిపడింది. ఉప్పొంగిన సరస్సుకు గండిపడి, ఆ వరద చుంగ్‌థాంగ్ వద్ద తీస్తా-3 ఆనకట్టను ధ్వంసం చేసింది.

భారత హిమాలయ నదీ పరీవాహక ప్రాంతాల్లో 10 హెక్టార్లకు మించిన 2,431 హిమానీ సరస్సుల్లో 676 సరస్సులు 1984 తరువాత గణనీయంగా విస్తరించినట్లు ఇస్రో 2024లో వెల్లడించింది. ఉష్ణమాపకంలో అంకె కదలకపోయినా కరగడం కొనసాగుతూనే ఉంటుంది. అందుకే ఉష్ణోగ్రతతో పాటు సరస్సుల విస్తీర్ణాన్ని, వాటి గట్ల స్థిరత్వాన్ని నిరంతరం గమనించడం అనివార్యం.