గణితములో అడుగు తడబడు తావులు

లెక్కలన్నచో బెదరు విద్యార్థులు ప్రతి పాఠశాలలోను ఉందురు. అయితే ఆ బెదురు గణితమంతటిమీదను సమానముగా పరచుకొని యుండదు. కూడికలకు, తీసివేతలకు వెనుదీయువారు అరుదు. ఏ అధ్యాయము నచ్చదని అడిగినచో సాధారణముగా వినవచ్చు పేర్లు కొన్నియే: భిన్నములు, దశాంశములు, ఋణసంఖ్యలు, బీజగణితము, మాటలలో ఇచ్చు లెక్కలు, త్రికోణమితి. ఇంటరు చదువువారు వీనికి సమాకలనమును చేర్చుదురు.

ఈ పేర్లు ఊరక ఒకచోట చేరినవి కావు. వీనిలో ప్రతిదానియందును, అంతవరకు విద్యార్థి నమ్ముకొనియున్న నియమమొకటి చెల్లకపోవును. ‘గుణించినచో పెరుగును’, ‘చిన్నదానిలోనుండి పెద్దది తీసివేయరాదు’ అని మొదటి తరగతులలో నేర్చినది అప్పటికి నిజమే. తరువాత అది నిజము కాదు. నియమము మారినదన్న సంగతిని మాత్రము పుస్తకము చాటి చెప్పదు. నిన్నటి ఒప్పు నేడు తప్పగుట చూచి పిల్లవాడు తన బుద్ధినే శంకించుకొనును. అయిష్టమునకు మొదలు అచ్చటనే.

హైదరాబాదునకు దక్షిణమున, శంషాబాదు పోవు దిక్కున బుద్వేల్ అను తావు కలదు. ఒకప్పుడు పొలములతో నిండిన పల్లె. ఇప్పుడు నగరములో కలిసిపోయినది. అచ్చటనొక రైలుస్టేషను, చేరువలో హిమాయత్ సాగర్, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయము, ఇంకను దక్షిణమునకు పోయినచో 2008లో తెరచిన విమానాశ్రయము ఉన్నవి. పుస్తకములో విద్యార్థి ద్వేషించు అధ్యాయములన్నియు ఈ కొద్ది మైళ్ళలోనే ఏదో యొక రూపమున కానవచ్చును.

మొదట భిన్నములు. 1978లో అమెరికాలో జరిపిన జాతీయ పరీక్షలో 13 ఏండ్ల వారికి ఒక సులభమైన ప్రశ్న ఇచ్చిరి: 12/13, 7/8 ఈ రెండింటిని కూడినచో ఉజ్జాయింపుగా ఎంత వచ్చును? ఎంచుకొనుటకు 1, 2, 19, 21 అని నాలుగు సమాధానములు చూపిరి. రెండు భిన్నములును ఇంచుమించు ఒక్కొక్కటి కనుక 2 అనవలెను. అట్లనినవారు నూటికి 24 మంది. 19 అనినవారు 28 మంది, 21 అనినవారు 27 మంది. పై అంకెలను కూడినచో 19, క్రింది అంకెలను కూడినచో 21 వచ్చును. అనగా సగముకంటె ఎక్కువమందికి భిన్నమొక సంఖ్యగా కనబడలేదు. గీతకు పైనొకటి, క్రిందనొకటి ఉన్న రెండు సంఖ్యలుగా కనబడినది.

తెలుగు బాలునకు ఈ చిక్కు రానక్కరలేదు. కిరాణా దుకాణములో వినవచ్చు మాటలే చాలును. ముప్పావు అనగా మూడు పావులు. పావు అనునది పాలు ఎంతటిదో చెప్పును, మూడు అనునది అట్టివి ఎన్నో చెప్పును. భిన్నముయొక్క అర్థమంతయు ఆ ఒక్క మాటలో ఉన్నది. ‘నాలుగింట మూడు వంతులు’ అనుటలోను మొదట పాలు, తరువాత లెక్క. బడిలో దీనినే ‘మూడు బై నాలుగు’ అని పలికించుటతో ఆ వెలుగు ఆరిపోవును. అరపావు అను మాట ఇంకను గొప్పది. అందు గుణకారమే ఇమిడియున్నది. పావులో సగము ఎనిమిదో వంతు. అది సగముకంటెను తక్కువ, పావుకంటెను తక్కువ. గుణించినచో పెరుగవలెనన్న నియమమును కొట్టుసరకు కట్టించుకొనునప్పుడే మన వారు త్రోసివేసిరి.

భాగహారమున క్రిందిదానిని ‘తిరగవేసి గుణింపుము’ అను సూత్రమున్నది. దానిని వల్లించువారు వేలు, ఎందుకో చెప్పగలవారు పదులు. ముప్పావు లీటరు పాలను అరపావు పట్టు గ్లాసులలో పోసినచో ఎన్ని నిండును? లీటరుకు 8 గ్లాసులు. కావున ముప్పావు లీటరుకు 8లో ముప్పావు, అనగా 6. ఎనిమిదో వంతుతో భాగించుట ఎనిమిదితో గుణించుటగా మారినది ఇందుచేతనే.

వేర్వేరు భిన్నములను కూడునపుడు ఛేదములను సమానము చేయవలెననుట మరియొక బాధ. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున ఈ ప్రకరణమునకు కలాసవర్ణమని పేరిడెను. వేర్వేరు జాతుల పాళ్ళను ఒకే జాతిగా మార్చుట అని దాని భావము. ఆ గ్రంథమును 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పావును వీసమును కూడవలెనన్న పావును నాలుగు వీసములుగా మార్చుకొందుము. మొత్తము అయిదు వీసములు, అనగా 5/16. రూపాయికి పదునారణాలుండిన కాలమున, అనగా 1957 ఏప్రిల్ 1వ తేదీ వరకు, ఈ లెక్క ప్రతి యింటను జరుగుచుండెడిది. దశాంశ నాణెములు వచ్చిన పిదప వ్యాపారము సులభమైనది. భిన్నములతో పిల్లల పరిచయము మాత్రము సన్నగిల్లినది.

దీనివలన నష్టమెంత? బ్రిటను, అమెరికా విద్యార్థులను అనేక వత్సరములు పరిశీలించి 2012లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారము, పదేండ్ల వయస్సున భిన్నములు, భాగహారము ఎంతవరకు తెలిసియుండునో దానినిబట్టి పదునారవ ఏట బీజగణితము ఎంతవరకు పట్టుబడునో ఊహింపవచ్చును. తెలివితేటలను, కుటుంబపు రాబడిని లెక్కలోనికి తీసికొనిన తరువాత కూడ ఈ సంబంధము నిలిచినది.

దశాంశములకు బుద్వేల్ భూములే ఉదాహరణము. తెలంగాణములో ఎకరమునకు 40 గుంటలు. భూమి కాగితములలో 1.10 అని ఉన్నచో ఎకరము పది గుంటలని అర్థము. అది నిజమైన దశాంశ పద్ధతిలో 1.25 ఎకరములు. ఆంధ్ర ప్రాంతమున ఎకరమునకు 100 సెంట్లు కనుక అచ్చట 1.10 అనగా సరిగా 1.10 ఎకరములే. రెంటికిని భేదము 726 చదరపు గజములు. 2023లో ప్రభుత్వము బుద్వేల్ వద్ద భూములను వేలము వేయగా ఎకరము పదుల కోట్ల రూపాయలు పలికినది. అట్టి చోట చుక్కకు అర్థము తెలియకుండుట సామాన్యమైన పొరపాటు కాదు. క్రికెట్టులో 19.5 ఓవర్ల పిమ్మట ఒక్క బంతితో 20 అగుటయు ఇట్టిదే. ఇంట్లో చూచు చుక్కలు ఒక తీరున, బడిలో చూచు చుక్క మరియొక తీరున ఉండగా పిల్లవాడు తికమకపడుటలో వింత యేమున్నది? శాతములందును ఇంతే. ‘రెండు రూపాయల వడ్డీ’ అనగా నూటికి నెలకు రెండు. బ్యాంకు చెప్పునది నూటికి ఏడాదికి. రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతమని గ్రహింపక, బ్యాంకువారి 12 శాతము పెద్దదని భ్రమించి అప్పుచేయువారు లేకపోలేదు.

ఋణసంఖ్యలకు హిమాయత్ సాగర్ వద్దకు పోవుదము. 1927లో పూర్తియైన ఈ జలాశయపు పూర్తి మట్టము 1,763.5 అడుగులు. ఆ మట్టమును సున్నగా భావించినచో, నీరు మూడడుగులు తగ్గినపుడు మట్టము −3. సున్న అనగా ‘ఏమియు లేకపోవుట’ కాదు, మనము ఎన్నుకొన్న గుర్తు అని ఇచ్చట తెలియును. ఇక అందరిని వేధించు ప్రశ్న: ఋణమును ఋణముచే గుణించినచో ధనమెట్లగును? ఎండకాలమున నీరు నెలకు 2 అడుగులు తగ్గుచున్నదనుకొనుడు, అది −2. మూడు నెలల తరువాత మార్పు (−2)×3, అనగా 6 అడుగులు క్రిందికి. మూడు నెలల క్రిందట? కాలము −3. అప్పుడు మట్టము ఇప్పటికంటె 6 అడుగులు పైన ఉండెను. (−2)×(−3) = +6. బ్రహ్మగుప్తుడు 628లోనే ధనము, ఋణము అను పేర్లతో ఈ నియమములను వ్రాసెను. అయినను 1758లో ఫ్రాన్సిస్ మాసెరెస్ అను ఆంగ్లేయ పండితుడు ఋణసంఖ్యలను ఆక్షేపించుచు ఒక గ్రంథమునే ప్రకటించెను. పండితుడే జీర్ణించుకొనలేనిదానిని ఆరవ తరగతి బాలుడు ఒక్క గంటలో ఒప్పుకొనవలెననుట న్యాయము కాదు.

బీజగణితములో x అను అక్షరమును నిందించుట వాడుక. నిజమునకు తొలి దోషము అక్షరములో లేదు, సమాన చిహ్నములో ఉన్నది. 8 + 4 = □ + 5 అని వ్రాసి పెట్టెలో ఎంత అని అడిగినచో చాలమంది 12 అందురు. వారి దృష్టిలో ఆ చిహ్నము ‘సమాధానము వ్రాయుము’ అను ఆజ్ఞ. అది త్రాసు ముల్లు అని తెలిసినవారు 7 అందురు. ముల్లు సంగతి తెలియనివానికి x + 5 = 12 లో 5 ‘అవతలికి పోయి’ ఎందుకు ఋణమగునో ఎన్నటికిని తెలియదు.

మాటల లెక్కలలో బెడద వేరు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరమున 1980 ప్రాంతమున చిన్న తరగతుల పిల్లలు 97 మందికి ఈ లెక్క ఇచ్చిరి: ఒక ఓడలో 26 గొఱ్ఱెలు, 10 మేకలు ఉన్నవి, ఓడ నాయకుని వయస్సెంత? 76 మంది ఇచ్చిన అంకెలతో ఏదో చేసి వయస్సు తేల్చిరి. బడిలో ప్రశ్నకు జవాబుండి తీరునని వారు నేర్చిరి. చదివి అర్థము చేసికొనుట నేర్వలేదు. రైలు ప్లాట్‌ఫారమును దాటు లెక్కలో రెంటి పొడవులను ఎందుకు కూడవలెనో సూత్రము వలన తెలియదు. బుద్వేల్ స్టేషనులో నిలిచి, ఇంజను ముందుభాగము ప్లాట్‌ఫారము మొదటి అంచు చేరినది మొదలు చివరి పెట్టె రెండవ అంచు విడుచువరకు చూచినచో ఒక్కసారితో తెలియును.

త్రికోణమితి పదవ తరగతిలో వచ్చును. sin, cos, tan అను పేర్లు, వెనువెంటనే సర్వసమీకరణములు, పట్టికలు. sin అను మాట మన దేశమునుండి బయలుదేరినదని విద్యార్థికి తెలియదు. ఆర్యభటుడు వాడిన ‘జ్యా’ అనగా వింటినారి. అరబ్బులు దానిని ‘జీబా’ అనిరి. అచ్చులు విడిచి వ్రాయు వారి లిపిలో అది ‘జైబ్’గా చదువబడి, వంపు లేక మడత అను అర్థముతో లాటినులో ‘సైనస్’ అయినది. ఇచ్చట విరుగు నియమమేదన: sin ఒక సంఖ్య కాదు, కోణమును తీసికొని సంఖ్యనిచ్చు క్రియ. కావుననే sin 30° అనగా 0.5 అయినను sin 60° మాత్రము 1 కాక సుమారు 0.866 అగుచున్నది. కుండలీకరణములను విప్పుటకు అలవాటుపడిన చేయి sin(A+B)ను కూడ విప్పివేయును.

tan అనునది వాలు. శంషాబాదులో దిగు విమానము సాధారణముగా 3 డిగ్రీల వాలున దిగును. tan 3° సుమారు 0.0524. కావున భూమిని తాకు చోటికి 10 కిలోమీటర్ల దూరమున ఉన్నపుడు దాని ఎత్తు సుమారు 524 మీటర్లు, ఒక కిలోమీటరు దూరమున 52 మీటర్లు. ఈ లెక్క ఒకటి చేసినవానికి tan అను పేరు మంత్రాక్షరముగా తోచదు.

పదవ తరగతి దాటగానే లెక్కలను వదలించుకొనుటకై జీవశాస్త్ర శాఖ చేరువారు ప్రతి ఏటను ఉందురు. మొక్కలమీద నిజమైన మక్కువతో చేరువారి మాట వేరు. వారిలో కొందరు తరువాత వ్యవసాయ శాస్త్రమునకు వత్తురు. అచ్చట సంఖ్యాశాస్త్రము వారికై కాచుకొని యుండును. అది బయటినుండి వచ్చి చేరినది కాదు. 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున చేరిన రోనాల్డ్ ఫిషర్, మడులలో ఎరువుల ఫలితములను పోల్చుచు దానిలో పెక్కు పద్ధతులను రూపొందించెను. రెండు మడుల దిగుబడిలోని భేదము ఎరువువలన కలిగినదా, యాదృచ్ఛికమా అని నిర్ణయించుటకు ఆయన 1925 నాటి గ్రంథములో సూచించిన హద్దు 0.05. అనగా ఇరువదింట ఒక వంతు.