వీసా విచారణ – లేని పత్రములు

భీమునిపట్నము, కళింగపట్నములనుండి స్టీమరులు రంగూను పోవుచుండిన దినములలో ఉత్తరాంధ్ర కూలివానిని పుట్టిన తేది యేదని యడిగినవారు లేరు. టిక్కెట్టు సొమ్మును, రెక్కల బలమును ఉన్న చాలెడిది. 1937లో బర్మా మన దేశమునుండి విడివడెను. 1947లో అచ్చటి ప్రభుత్వము చట్టము గావించి అనుమతిపత్రము గాని, వీసాతో గూడిన పాస్‌పోర్టు గాని లేనివారి ప్రవేశమును నిషేధించెను. నాటినుండి సముద్రము దాటగోరు తెలుగువానికి కాగితమే నావ.

భోగాపురమున 2023 మే 3వ తేదీన అంతర్జాతీయ విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది. విమానము గుమ్మముకడకు వచ్చినను వీసా అధికారి గాజు కిటికీ మాత్రము దూరముగనే యుండును.

అమెరికా పౌరులైన బిడ్డలకడ స్థిరపడగోరు వృద్ధులు సాధారణముగా ముంబయిలోని కాన్సలు కచేరిలో విచారణకు నిలువవలెను. జననపత్రమేదని ప్రశ్న వచ్చును. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టమునకు పూర్వము మన పల్లెలలో పుట్టినవారిలో నెందరికి అది కలదు? పురుడు ఇంటనే జరిగెను. కబురు కరణముగారి చెవిని బడిన పడినది, లేనిది లేదు. ఆ కరణీకములు సైతము 1984లో రద్దయినవి. బడిలో అయ్యవారు తోచినట్లు వ్రాసిన తేదియే పలువురకు జన్మదినము. బడి మొగము చూడని ఆడువారికి అదియును లేదు.

అమెరికావారి నిబంధనలే ఇందుకు త్రోవ చూపుచున్నవి. జననము నమోదు కాలేదని స్థానికాధికారి వ్రాసి యిచ్చిన పత్రమును, దానితో బడి రికార్డును, పుట్టుక నెరిగిన తల్లిదండ్రుల యొక్కయో దగ్గరి బంధువుల యొక్కయో ప్రమాణపత్రమును అంగీకరింపవచ్చును. కాని డెబ్బదియైదేండ్ల ముదుసలి పుట్టుక నెరిగిన పెద్దలు ఇంకెందరు బ్రదికియుందురు? ఇచ్చటనే అధికారి వివేకమునకు పని కలదు.

నిరాకరణ యన్నంతనే మనవారు కుంగిపోవుదురు. 221(జి) క్రింద పత్రములు చాలవని నిరాకరించినచో, ఏడాదిలోపల వానిని దాఖలు చేయవచ్చును. క్రొత్త రుసుము అక్కరలేదు. సందర్శకుడు తిరిగివచ్చునను నమ్మకము కుదరక 214(బి) క్రింద నిరాకరించుట వేరు. అచ్చట మరల రుసుము కట్టి మరల నిలువవలసినదే. ఈ భేదమును అభ్యర్థికి తెలియు భాషలో, ఒక నిమిషము హెచ్చుగా పట్టినను, చెప్పుట అధికారి ధర్మమని మా యభిప్రాయము.

అభ్యర్థికిని ఒక ధర్మము కలదు: లేనిదానిని లేదని చెప్పుట. దళారి సృష్టించిన జననపత్రమును తెలిసి చూపినవానికి ఆ దేశపు ద్వారము జీవితాంతము మూతపడవచ్చును. లేని పత్రమునకు ఏడాది గడువైన నున్నది, దొంగపత్రమునకు లేదు.

ఇంతకును ముంబయి దొర కోరునది, కాగితము లేదని చెప్పు కాగితము. దానిని ఇయ్యవలసినవారు మన కచేరీలవారే. ఆ యొక్క ముక్క వ్రాసి యిచ్చుటకు ముసలివారిని ఎన్నిమారులు త్రిప్పుచున్నారో జిల్లా కలెక్టరుగారు విచారింతురు గాక.